వదిలేసిన మాట

వచ్చే నెల ముంబయిలో ఒక లా ఫర్మ్‌లో చేరుతున్నాను. క్యాపిటల్ మార్కెట్స్ విభాగం. అంటే ఏంటే అని అమ్మ నాలుగోసారి అడిగింది. కంపెనీలు జనానికి షేర్లు అమ్మేముందు తమ గురించి చెప్పాల్సిందంతా ప్రాస్పెక్టస్ అనే పుస్తకంలో రాయాలి, అది తయారుచేయడంలో సాయపడతాం అన్నాను.

"లోపాలు కూడా వాళ్లే రాసుకుంటారా?"

"రాసుకోవాలి. రిస్క్ ఫ్యాక్టర్లని, ముందువైపే ఉంటాయి."

అమ్మ చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ, "మీ అక్క పెళ్లికి అలాంటి పుస్తకం ఒకటి ఇస్తే బాగుండేది" అంది.

అక్కని చూడ్డానికొచ్చినవాళ్లు ఎత్తు, నక్షత్రం, జీతం, వంట అన్నీ అడిగారు. జడ అసలుదేనా అని కూడా. అబ్బాయి అప్పుల సంగతి మాత్రం చెప్పలేదు. పెళ్లికి పది రోజుల ముందు నాన్నకి తెలిసింది. "అంత పెద్ద విషయం కాదనుకున్నాను" అన్నాడు తర్వాత. ఆయనే ఒకప్పుడు ఏదో కంపెనీ షేర్లలో డబ్బు పోగొట్టుకుని, "మాకు ముందే చెప్పాలి కదా" అని ఇప్పటికీ మండిపడతాడు.

2013 కంపెనీల చట్టం 34వ సెక్షన్ చదువుతూ ఆగిపోయాను. అబద్ధం రాయడమే కాదు, ఒక విషయం వదిలేయడంవల్ల చదివేవాళ్లు తప్పుదారి పట్టేలా ఉన్నా నేరమే. పెళ్లికీ చట్టముంది. 1955 హిందూ వివాహ చట్టం 12వ సెక్షన్‌కి 1976లో చేసిన సవరణ ప్రకారం, అవతలివారి గురించిన ముఖ్యమైన విషయంలో మోసం చేసి ఒప్పిస్తే పెళ్లి రద్దు కోరవచ్చు. అయితే మోసం బయటపడ్డ ఏడాదిలోపే వెళ్లాలి. తెలిశాక కూడా ఇష్టపడి కాపురం చేస్తే ఇక దారి లేదు. అక్కకి తెలిసేనాటికి ఐదో నెల. కాపురం చేసింది. ఇష్టపడిందా అని ఎవరడిగారు?

ఇంతకీ 'ముఖ్యమైనది' ఏదో తేల్చేదెవరు? సెబీ 2018 నిబంధనల్లో క్రిమినల్ కేసులన్నీ చెప్పాలి. సివిల్ దావాల్లో ముఖ్యమైనవేవో తేల్చే విధానాన్ని కంపెనీ బోర్డు ఆమోదిస్తుంది. కొలత సాధారణంగా డబ్బే, టర్నోవరులోనో లాభంలోనో ఇంత శాతమని. ఒక ఉద్యోగినిని పైఅధికారి వేధిస్తే అది ఎంత శాతం? పనిచేసేచోట లైంగిక వేధింపుల మీద 2013లో వచ్చిన చట్టం వార్షిక నివేదికలో ఫిర్యాదుల సంఖ్య రాయమంటుంది, ఆమె వివరాలు బయటపెట్టొద్దంటుంది. ఆ రక్షణ అక్కర్లేదనను. కానీ చివరికి కాగితం మీద మిగిలేది ఒక అంకె.

జూనియర్లు ముందు చేసేది కంపెనీకి ప్రశ్నల జాబితా పంపడం, వచ్చిన ప్రతి జవాబుకీ ఆధారం ఉందో లేదో చూడడం అని కాబోయే సీనియర్ చెప్పింది. జాబితాలో లేని ప్రశ్న అడగొచ్చా అని అడగబోయి మానేశాను. అప్పుడూ ఇలాగే మానేశాను. నాన్న అప్పుల మాట అమ్మతో చెబుతుంటే పక్కగదిలోంచి విన్నాను. నాకు పదిహేడేళ్లు. పది రోజులూ అక్క పక్కనే పడుకున్నాను.

అది అక్కకి ఇప్పటికీ తెలియదు. ఆదివారం ఫోన్ చేస్తానంది.