బీమా దరఖాస్తులో ఒక ప్రశ్న



మార్కు సువార్త ఐదవ అధ్యాయములో పన్నెండేండ్లు రక్తస్రావముతో బాధపడిన స్త్రీ ఉన్నది. వైద్యుల చుట్టూ తిరిగి ఉన్నదంతా ఖర్చు చేసుకున్నది. గుండెకు స్టెంటు వేయించుకున్న ఇండ్లలో ఆ మాటకు వివరణ అక్కరలేదు. పొలము తాకట్టు, కోడలి గొలుసు కుదువ!

గత ఏడాది పూజ ముగిసిన పిదప మా విచారణ పెద్ద ఒకరు వచ్చారు. యాభై ఎనిమిదేండ్ల మనిషి, బైపాస్ అయినది. "ఫాదర్ గారూ, ఆరోగ్య బీమా కడదామంటే, పాత జబ్బులున్నాయా అన్నచోట 'లేవు' అని రాయమంటున్నాడండి ఏజెంటు. నిజం రాస్తే ఇవ్వరంట. ఏం చేయమంటారు?"

ఎనిమిదవ ఆజ్ఞ చూపి పంపివేయుట నాకు తేలిక. కాని ఆయన భయము ఉత్తది కాదు. నిజము రాసిన వారికి కంపెనీ పాలసీ నిరాకరించవచ్చు, ప్రీమియం పెంచవచ్చు. అది ఒప్పుకొనకుండా సత్యమును గూర్చి ప్రసంగించుట తగదు.

అయితే అబద్ధము రాస్తే? ప్రీమియం ఏటేటా పుచ్చుకుంటారు. ఆపరేషన్ బిల్లు పెట్టిననాడు పాత ఆసుపత్రి కాగితాలు బయటపడతాయి. క్లెయిమూ పోవును, పాలసీయూ పోవును. వరుసగా ఐదేండ్లు కడితే కంపెనీ పాత సంగతులు తవ్వరాదని 2024లో నియమము వచ్చినది కదా అంటారు. నిజమే. మోసము రుజువైతే మాత్రము ఆ రక్షణ లేదు. నిజము చెప్పి పాలసీ పొందిన వారు ఆ పాత జబ్బు ఖర్చులకు గరిష్ఠముగా 36 నెలలు ఆగవలెను. మునుపు అది 48 నెలలు.

ప్రైవేటు బీమాకు పోకముందే ఇంట్లో ఉన్నది చూసుకోండి. అర్హులకు తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రలో ఎన్టీఆర్ వైద్య సేవ ఉన్నవి. 70 ఏండ్లు నిండిన వారికి 2024 నుండి వయ వందన కార్డు ఇస్తున్నారు. ఆదాయము అడగరు, కుటుంబానికి ఏటా 5 లక్షల వరకు, పాత జబ్బులకు మొదటి రోజు నుండే. కొడుకు కొలువులోని గ్రూపు పాలసీలో తల్లిదండ్రులను చేర్చవచ్చునేమో విచారించండి. వాటిలో అనేకము పాత జబ్బులకు ఆగమనవు.

ఆ స్త్రీ అప్పటికే స్వస్థత పొందినది. జనములో కలిసి జారుకొనవచ్చును. ఎవరు తాకిరని ప్రభువు అడుగగా, వణకుచునే వచ్చి జరిగినదంతా చెప్పినది.

మా పెద్దాయన దరఖాస్తును తానే నింపారు. మొదటి కంపెనీ కాదన్నది. రెండవది ఎక్కువ ప్రీమియంతో ఒప్పుకున్నది. ఇంకా 22 నెలలు మిగిలి ఉన్నవి. ఈ ఆదివారము మీ ప్రార్థనలలో ఆయన గుండెను తలచుకొనండి.