దోషమొకరిది, దండన మెందరికి?

తప్పు చేసినవాడు దండన పొందవలెననుటలో లోకమున భేదాభిప్రాయము లేదు. ఆ దండన తప్పు చేసినవానిని దాటి యితరులమీద బడరాదనుటలోను భేదాభిప్రాయము లేదు. ఈ రెండు సూత్రములును విడివిడిగ జూచినపుడు మిక్కిలి సులభములు. తప్పు చేసినది యొక మనుష్యుడు గాక, వేలకొలది జనులు చేరిన యొక సంఘమైనపుడు మాత్రమివి యొండొంటితో కలహించును. సంకెల వేయుటకు సంఘమునకు కాళ్లు లేవు. చెఱలో నుంచుటకు దేహము లేదు. దానిని దండించుటయన దానిలోని మనుష్యులను దండించుటయే. ఆ మనుష్యులలో దోషులెందరు, నిర్దోషులెందరు? ఫుట్‌బాలు క్రీడయందు లంచమిచ్చియో, రిఫరీల నియామకమున జోక్యము కలిగించుకొనియో గెలుపోటములను తమకనుకూలముగ మలచుకొన జూచిన క్లబ్బులకు విధింపబడిన శిక్షలను విచారించి, ఈ ప్రశ్నకు మాకు తోచిన సమాధానమును చదువరుల యెదుట నుంచుచున్నాము.

ఆటలో జరిగిన మోసమునకింత విచారమేలయని కొందఱడుగవచ్చును. ఆటయొక్క సారమంతయు దాని ఫలము ముందుగ నెవరికిని తెలియకుండుటయందే యున్నది. వారమంతయు కర్మాగారమున శ్రమించి, కూలిలో కొంత మిగిల్చి టిక్కెట్టు కొన్నవాడు కోరునది ఆ సందేహమునే. ముందే ముగిసిన పోటీని వానికి జూపుట, నాటకమని చెప్పక నాటకమాడుట. చెప్పి యాడిన నాటకము కళ. చెప్పక యాడినది దొంగతనము. కావున నిందు నష్టపడినవారు కలరు, లాభపడినవారు కలరు. ఇరువురును గల చోట న్యాయవిచారమునకు తావు కలదు.

పూర్వపు టుదాహరణమొకటి చూతము. 1915వ సంవత్సరము ఏప్రిల్ 2వ తేదీని మాంచెస్టరు యునైటెడ్ క్లబ్బు లివర్‌పూల్ క్లబ్బును 2–0గా నోడించెను. ఆ ఫలమును కొందఱాటగాండ్రే ముందుగ కుదుర్చుకొని పందెములు కాచిరని విచారణలో తేలెను. రెండు జట్లలోను గలిపి ఏడుగురు యావజ్జీవము ఆటనుండి బహిష్కరింపబడిరి. క్లబ్బుల అధికారులకిందు భాగము లేదని నిర్ణయించి, క్లబ్బులకే శిక్షయు విధింపరైరి. ఇది పైకి మిక్కిలి న్యాయముగ గనబడును: చేసినవారు అనుభవించిరి, చేయనివారు తప్పించుకొనిరి. కాని ఆ గెలుపువలన వచ్చిన రెండు పాయింట్లును మాంచెస్టరు లెక్కలోనే నిలిచెను. సంవత్సరాంతమున ఆ క్లబ్బునకు 30 పాయింట్లు, దాని క్రింద నున్న చెల్సీకి 29. ఆ రెండు పాయింట్లును లేకున్న క్రింది తరగతికి దిగవలసినది మాంచెస్టరు. దిగవలసిన స్థితికి వచ్చినది చెల్సీ. యుద్ధానంతరము 1919లో మొదటి తరగతిని విస్తరించుటచేత చెల్సీ నిలిచినదే కాని, న్యాయము జరుగుటచేత గాదు. దోషులు దండింపబడినను దోషఫలము చెక్కు చెదరకుండుట ఈ పద్ధతియందలి లోపము.

దీనికి ఎదురుగ నున్నది 1993 నాటి ఫ్రాన్సు వృత్తాంతము. ఆ యేడు మే 20వ తేదీని మార్సెయ్ క్లబ్బు వలెన్సియెన్ క్లబ్బుతో నాడవలసియుండెను. ఆఱు దినములకు మ్యూనిక్ నగరమున యూరోపు కప్పుకై తుది యాట యుండెను. తమ యాటగాండ్రకు దెబ్బలు తగులకుండ సులభముగ గెలువనెంచి మార్సెయ్ వారు ఎదుటి జట్టులో కొందఱికి లంచము పంపిరి. జాక్ గ్లాస్‌మన్ అను నాటగాడు తీసికొననని నిరాకరించి, సంగతి బయట పెట్టెను. పిమ్మట నొక యాటగాని బంధువుల తోటలో పాతిపెట్టిన సొమ్ము త్రవ్వి తీయబడెను. మార్సెయ్ ఫ్రాన్సు విజేతయను బిరుదును గోల్పోయెను. మఱుసటి యేడు యూరోపు కప్పున నాడు నర్హతను గోల్పోయెను. 1994లో రెండవ తరగతికి దింపబడెను. అధ్యక్షుడైన బెర్నార్ తాపీ తుదకు చెఱసాలకు పోయెను. తీసివేసిన ఫ్రాన్సు బిరుదు నెవరికి నీయక ఖాళీగ నుంచిరి. మ్యూనిక్‌లో గెలిచిన యూరోపు కప్పు మాత్రము మార్సెయ్ యొద్దనే యున్నది.

ఇక 2006 నాటి ఇటలీ దేశపు వ్యవహారము. జువెంటస్ క్లబ్బు ప్రధాన నిర్వాహకుడైన లూచానో మోజ్జి, రిఫరీలను నియమించు అధికారులతో టెలిఫోనులో జరిపిన సంభాషణలు వెల్లడియయ్యెను. ఆ సంవత్సరము జూలై 9వ తేదీని ఇటలీ ప్రపంచ కప్పు గెలిచెను. 14వ తేదీని తీర్పు వెలువడెను. జువెంటస్ రెండు బిరుదులను గోల్పోయి, 30 పాయింట్ల కోతతో రెండవ తరగతికి దింపబడెను. అప్పీలులో ఆ 30 కాస్త 17 అయ్యెను. మధ్యవర్తుల యొద్ద 9 అయ్యెను. లాజియో, ఫియొరెంటీనా క్లబ్బులు మొదట రెండవ తరగతికి దింపబడి, అప్పీలులో మొదటి తరగతియందే నిలిచెను. మిలాన్ క్లబ్బు మొదట యూరోపు పోటీనుండి తొలగింపబడి, అప్పీలుమీద ప్రవేశము పొంది, 2007 మే నెలలో ఏథెన్సు నగరమున ఆ కప్పునే గెలిచెను. ఒకే వ్యవహారమున చిక్కిన క్లబ్బులలో నొకటి రెండవ తరగతిలో నాడుచుండగా, మఱొకటి యూరోపు సింహాసన మెక్కినది.

ఈ శిక్షల ననుభవించిన వారెవరు? జువెంటస్ ఆటగాండ్రలో కన్నవారో స్పెయిను దేశమునకు బోయెను. ఇబ్రహిమోవిచ్ ఇంటర్ క్లబ్బులో చేరెను. బుఫోన్, దెల్ పియరో మొదలగువారు తాము చేయని తప్పునకు రెండవ తరగతిలో నొక సంవత్సరమాడిరి. టెలిఫోను పట్టినవాడొకడు, మట్టిలో పొర్లాడినవారు వేఱొకరు. అత్తమీది కోపము దుత్తమీద తీర్చుకొన్నట్లు లేదా యని యడుగువారి ప్రశ్నను మేము తేలికగ ద్రోసివేయజాలము. ఏలయన సామూహిక దండనయొక్క చేదు మన దేశము బాగుగ నెఱుగును. 1871 నాటి నేరస్థజాతుల చట్టము కులములకు కులములనే పుట్టుకతోనే దొంగలుగ నెంచి పోలీసుల పట్టీలలో వ్రాయించెను. మన తెలుగునాట ఎఱుకలవారును ఆ యవమానమును మోసిరి. 1952లో ఆ చట్టము పోయినను, దాని మచ్చ యింకను పూర్తిగ మాయలేదు. ఇట్టి యనుభవముగలవారము, "జట్టంతటికి శిక్ష" యను మాట వినినంతనే ఉలికిపడుట సహజము.

అయినను రెంటికి భేదము కలదు. కులమున నెవడును కోరి పుట్టడు, కోరి విడువడు. క్లబ్బు కోరి చేరిన సంఘము. దాని నిర్వాహకుని యజమానులు నియమించిరి, అతడు తెచ్చిన జయములను పంచుకొనిరి, ఆ జయములు వచ్చిన దారి యెట్టిదని యడుగక యూరకుండిరి. కావున మా యభిప్రాయమున ఇక్కడ రెండు వేర్వేఱు కార్యములు కలిసిపోయి చిక్కు కలిగించుచున్నవి. ఒకటి మరలించుట, రెండవది దండించుట. తండ్రి దొంగిలించి తెచ్చిన యావును కొడుకు మేపుచున్నాడనుకొందము. కొడుకు నిర్దోషి, అయినను ఆవు సొంతదారునికి బోవలసినదే. ఆవును విడిపించుట కొడుకునకు శిక్ష గాదు. అట్లే బిరుదులను, పాయింట్లను, బహుమానధనమును తీసివేయుట శిక్ష గాదు. దానికి ఆటగాండ్రు నిర్దోషులనుట యడ్డు రానేరదు. 1915లో మరువబడినది ఈ మరలింపే.

దండన మాత్రము దోషము వెంట నడువవలెను. క్లబ్బు యజమానులే చేయించిరా, నిర్వాహకుడు చేయగా జూచి యూరకుండిరా, లేక ఆటగాండ్రు రహస్యముగ జేసికొనిరా యనుదానినిబట్టి క్లబ్బుయొక్క శిక్షలో తారతమ్యముండవలెను. తామే దోషమును కనిపెట్టి వెల్లడించిన క్లబ్బునకు తగ్గింపును, దాచినదానికి హెచ్చింపును ఉండవలెను. ఈ కొలతలు నేరము జరుగకముందే వ్రాయబడియుండవలెను. 30, 17, 9 అని దిగివచ్చిన యంకెలను జూచిన సామాన్యునకు న్యాయస్థానము గాక సంతబేరము స్ఫురించుట తప్పు గాదు. తగ్గించుట న్యాయమే కావచ్చును; ఏ కొలతచే తగ్గించిరో తెలియకుండుట న్యాయము గాదు. ఇక నిర్దోషులైన ఆటగాండ్రకు వేఱుచోట నాడుకొను స్వేచ్ఛ యీయవలెను. 2015లో లోఢా సంఘము క్రికెట్టునందు చెన్నై, రాజస్థాన్ జట్లను రెండేండ్లు తొలగించినపుడు, ఆ జట్ల యాటగాండ్రు వేఱు జట్లలో నాడగలిగిరి. ఈ యంశమున అది యనుసరింపదగిన మార్గము.

మఱొక మాట. తీసివేసిన బిరుదును రెండవవానికి గట్టబెట్టుటలో తొందరపాటు తగదు. 2005–06 నాటి జువెంటస్ బిరుదును ఇంటర్ క్లబ్బునకిచ్చిరి. 2011లో ఇటలీ ఫుట్‌బాలు సమాఖ్య ప్రాసిక్యూటరే, ఇంటర్ అధికారి నడవడియు నిబంధనలకు విరుద్ధమేయని తన నివేదికలో వ్రాసెను. గడువు దాటుటచేత విచారణ జరుగలేదు గనుక ఆ యారోపణము నిజానిజములు తేలలేదు, బిరుదు మరలిరాలేదు. కలుషితమైన పోటీలో విజేత యెవ్వడును లేడని ఫ్రాన్సువారివలె ఖాళీగ విడుచుటయే మేలు.

ఇన్ని శిక్షల లెక్కలలో లెక్కకు రానివారు ఇరువురున్నారు. మోసమువలన నష్టపడిన క్లబ్బొకటి, సత్యము చెప్పినవాడొకడు. జరిమానా సొమ్ము సమాఖ్యల ఖజానాకు జేరుచున్నదే కాని చెల్సీవంటివారి నష్టమును దీర్చుట లేదు. గ్లాస్‌మన్‌కు 1995లో ఫిఫా గౌరవపురస్కారమిచ్చెను. కాని అంతకుముందే ఫ్రాన్సు మైదానములలో ప్రేక్షకులు వానిని జూచి ఈలలు వేసి యెగతాళి చేసిరి. లంచమిచ్చినవానికి జయజయధ్వానములు, వలదన్నవానికి ఈలలు! ఇచ్చటనే అభిమానుల నిర్దోషిత్వమును గూర్చి మేము సంశయింపవలసివచ్చుచున్నది. జయమును "మనము గెలిచితిమి" యని చెప్పుకొనువాడు, దోషము బయటపడినపుడు "వారు చేసిరి" యనుట ధర్మము గాదు. అభిమానిని శిక్షింప నక్కఱలేదు. తాను సంతోషించిన జయములో తనకు రాగూడని పాలున్నదని యతడు గుర్తించిన జాలును.

దొంగిలినదానిని మొదట మరలింపుడు, చేసినవానిని పేరుపెట్టి దండింపుడు, సంఘమును దాని యుపేక్షకు దగినంత మాత్రమే దండింపుడు, నష్టపడినవానికి పరిహారమిండు, నిజము చెప్పినవానిని కాపాడుడు. ఈ వరుస తప్పినపుడు శిక్ష యెంత కఠినమైనను న్యాయము గానేరదు. వరుస నిలిచినపుడు శిక్ష యెంత స్వల్పమైనను లోకము దానిని న్యాయమని యొప్పుకొనును.