బాకీ ఎవరికి?

దేవతలిచ్చినదాన్ని తిరిగి ఏమీ ఇవ్వకుండా అనుభవించేవాడు దొంగేనని భగవద్గీత మూడో అధ్యాయం అంటుంది. ఖాజీపేటలో మిద్దెమీద సోలార్ పలకలు బిగించుకున్న గృహస్థుకు ఈ మాట తగులుతుందా? ఎండ ఎవరి సొత్తూ కాదు, వాడుకుంటే తరిగేదీ కాదు. పైగా 2024లో వచ్చిన పీఎం సూర్యఘర్ పథకం మూడు కిలోవాట్లకు 78 వేల రూపాయల సబ్సిడీ ఇస్తోంది. పగలు మిగిలిన కరెంటు నెట్ మీటరు గుండా లైనులోకి పోతుంది. ఇచ్చిపుచ్చుకోవడం అయిపోయినట్టే కదా! కాలేదనే నేనంటాను. మీటరు చేసేది లెక్క సర్దడం మాత్రమే. బిల్లు సున్నా వచ్చిన ఇల్లు కూడా పొద్దుగూకాక అందరి తీగ నుంచే లాగుతుంది. అప్పుడు ఎర్రగుంట్ల దగ్గరి రాయలసీమ థర్మల్ కేంద్రం లాంటివి, వందల కిలోమీటర్లు రైల్లో వచ్చిన బొగ్గును మండించాల్సిందే. బాకీ సూర్యుడికి కాదు, ఆ బూడిద పక్కన బతికేవాళ్లకు.

కాబట్టి కరెంటు ఎక్కణ్నుంచి వస్తోందన్నదానికంటే ముందు, ఇంత ఎందుకు కావాల్సి వస్తోందని అడగాలి. రాయలసీమ పాత మట్టిమిద్దెను చూడండి. దూలాలు, దంతెలు, వాటిమీద మందంగా మట్టి, ఆపైన చవుడు, నడుమ గాలికి వదిలిన కన్నం, గవాచి. మధ్యాహ్నపు ఎండ ఆ మందం దాటి లోపలికి దిగేలోగా పొద్దు వాలిపోతుంది, పైకి లేచిన వేడిగాలి గవాచిలోంచి పోతుంది. నేటి కాంక్రీటు స్లాబు పగలంతా కాగి, రాత్రి నిద్రపోయేవాళ్ల మీద ఆ సెగ కుమ్మరిస్తుంది. ఫ్యాను తిప్పేది ఆ వేడిగాలినే. ఇక ఏసీ పెడితే, మన గదిలోంచి తోడిన వేడి పక్కింటి కిటికీ ముందు పడుతుంది. ఇది ఇంజనీరింగ్ లెక్కే కాదు, ధర్మసందేహం కూడా.

మళ్లీ మట్టిమిద్దెలకు పొమ్మంటున్నావా అంటారు. లేదు, అది ఉరుస్తుంది, ఏటా చవుడు పోయాలి, ఆ చాకిరీ ఎవరి నెత్తిన పడేదో తెలిసిందే. స్లాబుకు తెల్లగా సున్నం కొట్టినా చాలా వేడి తగ్గుతుంది. తెలంగాణ 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది ఇందుకే. రేకుల కింద ఉడికిపోయేవాడికి త్యాగం బోధించడం క్రూరం కాదా అన్నది ఇంకా బలమైన అభ్యంతరం. నిజమే. వదులుకోవడానికి వాడి దగ్గర ఏముంది? సొంత మిద్దె లేని అద్దెవాడికి ఆ సబ్సిడీ అందడం కూడా కష్టమే. సంయమం అడగాల్సింది పలకలు పెట్టుకోగలిగినవాణ్నే. పొదుపైన యంత్రాలొచ్చాక బొగ్గు వాడకం ఇంకా పెరిగిందని 1865లోనే ఆర్థికవేత్త జెవన్స్ ఇంగ్లండులో గమనించాడు. ఊరికే వస్తోంది కదా అని రెండో గదికీ ఏసీ బిగించే చెయ్యి ఆ పలకలవాడిదే.