అంకితమిచ్చిన రథాలు

రాజన్న సిరిసిల్ల జిల్లా రుద్రంగి చుట్టుపక్కల ఏ గుడిలో తలెత్తి చూసినా ఫ్యాను రెక్కల మీద పేర్లుంటాయి. ఎర్ర రంగుతో దాత పేరు, ఊరు, కొన్నిచోట్ల గోత్రం కూడా. ఫ్యాను తిరుగుతున్నంతసేపూ ఆ అక్షరాలు చదవడం ఎవరి తరమూ కాదు. కరెంటు పోతేనే దాత బయటపడతాడు. ట్యూబులైటు నిండా పేరు రాయించి వెలుగునే అడ్డుకున్న దాత మీద జోకులకైతే లెక్కే లేదు. గాలి దేవుడికీ భక్తులకూ, పేరు దాతకు. మరి పుణ్యం ఏ ఖాతాలో పడుతుంది?

ఈ ప్రశ్నే ఫార్ములా వన్ కారు పందేల రికార్డుల్లో గంటకు మూడొందల కిలోమీటర్ల వేగంతో తిరుగుతోంది.

ఒకప్పుడు పందెం కారుకు దేశమే రంగు. ఇంగ్లండుది ఆకుపచ్చ, ఇటలీది ఎరుపు. 1968లో కొలిన్ చాప్‌మన్ తన లోటస్ కార్లకు గోల్డ్ లీఫ్ సిగరెట్ పెట్టె రంగులు పూయించాడు. 1972లో ఎమర్సన్ ఫిట్టిపాల్డి ప్రపంచ విజేత అయిన నలుపు బంగారు రంగుల కారును అభిమానులు ‘జాన్ ప్లేయర్ స్పెషల్’ అనే పిలిచారు. రికార్డుల పుస్తకం మాత్రం తయారీదారు గడిలో లోటస్ అనే రాసుకుంది. సిగరెట్ పేరు జట్టు పేరులో చేరిందే తప్ప ఆ గడిలోకి రాలేదు.

ఈ ఏర్పాటు తెలుగువాడికి కొత్తేమీ కాదు. మన కావ్యాలకు రాసినవాడు కృతికర్త, డబ్బో అగ్రహారమో ఇచ్చి అంకితం పుచ్చుకున్నవాడు కృతిభర్త. పీఠికలో భర్తకు ఎంత పొగడ్త దక్కినా పద్యం కర్తదే. భాగవతాన్ని రాజుకివ్వనన్నాడని పోతన గురించి చెప్పుకునే కథ కూడా కృతిభర్త ఎవరన్న దాని మీదే. కృతికర్త ఎవరన్న తగవు అందులో లేనే లేదు.

తగవంతా గడి చెరిగిపోయినప్పుడే. 2016 నుంచి 2018 దాకా రెడ్ బుల్ జట్టు కార్లలో ఉన్నది రెనో ఇంజిన్. దాని మీద పేరు మాత్రం ట్యాగ్ హోయర్, గడియారాల కంపెనీ. మాక్స్ వెర్‌స్టాపెన్ 2016లో స్పెయిన్‌లో సాధించిన తొలి గెలుపుతో కలిపి ఆ మూడేళ్లలో తొమ్మిది విజయాలు ట్యాగ్ హోయర్ ఇంజిన్ పేరనే నమోదయ్యాయి. గంటలు కొట్టే కంపెనీ గ్రాండ్ ప్రీలు కొట్టిందన్నమాట! ఇక్కడ దాత ఫ్యాను రెక్క దిగి గర్భగుడిలోకే వచ్చి కూర్చున్నాడు.

హైదరాబాద్‌కూ ఆ గాలి సోకింది. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున జరిగిన ఫార్ములా ఈ పందెం అసలు పేరు గ్రీన్‌కో హైదరాబాద్ ఈప్రీ. ఊరి పేరు కంటే ముందు కంపెనీ పేరు. గెలిచింది జాన్ ఎరిక్ వెర్న్.

ఇంతకీ ఈ పేర్లన్నీ దేనికి అంటుకున్నట్టు? రథాన్ని గురించి అడగాలంటే బౌద్ధ భిక్షువు నాగసేనుడినే అడగాలి. మీ రథమంటే ఇరుసా, చక్రమా, నొగలా అని ఆయన మిలింద రాజును నిలదీస్తే, రాజు దేన్నీ చూపలేకపోయాడు. అన్నీ కూడినప్పుడు వాడుక కోసం పెట్టుకున్న మాటే రథం. బాగానే ఉంది. కానీ నాగసేనుడి రథానికి పాయింట్ల పట్టిక లేదు.

2018లో ఫోర్స్ ఇండియా జట్టు దివాలా తీసి, ఆగస్టులో చేతులు మారింది. అదే ఫ్యాక్టరీ, అవే కార్లు, ఆ డ్రైవర్లే. కొత్త యాజమాన్యం ‘రేసింగ్ పాయింట్ ఫోర్స్ ఇండియా’గా బెల్జియంలో దిగింది. పాత పేరు తోకలా మిగిలింది, పాత జట్టు సంపాదించిన 59 పాయింట్లు మాత్రం పోయాయి. డ్రైవర్లు పెరెజ్, ఒకాన్‌ల సొంత పాయింట్లను ఎవరూ ముట్టుకోలేదు. ఆ ఆదివారమే వాళ్లు ఐదు, ఆరు స్థానాల్లో వచ్చి సున్నా మీద 18 పాయింట్లు వేశారు. ఒకే పరుగు ఫలం మనిషికి నిలిచి, రథానికి తుడిచిపెట్టుకుపోవడం ఏ కర్మ సిద్ధాంతానికీ అంత తేలిగ్గా మింగుడుపడదు.

రుద్రంగి అదృష్టం మెరుగు. 2016 దాకా కరీంనగర్ జిల్లా చందుర్తి మండలంలో ఉన్న ఊరు, ఆ తర్వాత రాజన్న సిరిసిల్ల జిల్లాలో తానే మండలమైంది. కాగితం మీద పై వరుస మారింది. కింద మడి అదే మడి, పట్టాదారూ అతనే. మళ్లీ సున్నా నుంచి దున్నుకొమ్మని ఎవరూ అనలేదు.

గర్భగుడిలో దాత కూర్చోవడానికి పాత సాక్ష్యం ఈ ప్రాంతంలోనే ఉంది. పదో శతాబ్దంలో వేములవాడను ఏలిన చాళుక్య రాజు రెండో అరికేసరి. ఆయన ఆస్థానంలో పంపకవి కన్నడంలో భారతం రాస్తూ రాజును పీఠికతో సరిపెట్టలేదు, ఏకంగా అర్జునుణ్ణే చేశాడు. రాజు బిరుదులన్నీ పాండవ మధ్యముడికి తగిలించాడు, చివర్లో పట్టాభిషేకమూ అతనికే చేయించాడు. ఇంజిన్ మీద గడియారం పేరు వేసినవాళ్లు కూడా ఇంత సాహసం చేయలేదు. అయినా ఆ కావ్యాన్ని ఇవాళ జనం పంపభారతమనే అంటారు.

పంపడి తమ్ముడు జినవల్లభుడు గంగాధర దగ్గర కురిక్యాల బొమ్మలగుట్టపై శాసనం చెక్కించాడు. సంస్కృతం, కన్నడం, చివర మూడు తెలుగు కందాలు. ధర్మపురం అగ్రహారం ఇచ్చినవాడిగా అరికేసరి, పుచ్చుకున్న కవిగా పంపడు, ఎవరి చోట వాళ్లు ఆ బండ మీద ఇప్పటికీ ఉన్నారు.