సిగ్గూ, శరీరమనే అమానతూ

మన శరీరం మన సొంతమని అనుకుంటాం. నిజానికి అది అల్లాహ్ మనకు అప్పగించిన అమానతు. అప్పగించిన సొత్తును కాపాడి, యజమాని అడిగిన రోజున లెక్క చెప్పడమే అమానతుదారుని బాధ్యత. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (రజి) పగలంతా ఉపవాసం, రాత్రంతా నమాజులతో గడుపుతున్నారని తెలిసినప్పుడు మహాప్రవక్త (స) ఆయన్ను వారించారు. శరీరానికి కూడా మనిషిపై హక్కు ఉందని గుర్తు చేశారు. ఆరాధన కోసమైనా శరీరం హక్కును కాజేయకూడదంటే, బద్ధకం వల్లనో బిడియం వల్లనో కాజేయడం ఎలా సమంజసం అవుతుంది?

సోదరీమణులారా! ఈ మాట ముఖ్యంగా మీ కోసమే. ఇంట్లో పిల్లవాడికి జ్వరం వస్తే అర్ధరాత్రయినా పరుగెత్తుతారు. అత్తగారి మాత్రలు వేళకు అందిస్తారు. మీ విషయం వచ్చేసరికి మాత్రం ‘నాకేం? బాగానే ఉన్నాను’ అంటారు. ధర్మవరంలో ఎన్నో ఇళ్లు పట్టుమగ్గం మీద బతుకుతున్నాయి. నేతలో ఒక పోగు తెగితే నేతగాడు మగ్గం ఆపి అప్పటికప్పుడే అతుకుతాడు. చిన్న పోగే కదా అని వదిలేస్తే చీర చివరిదాకా ఆ లోపం కనబడుతుందని అతనికి తెలుసు. చీరకు ఇచ్చిన విలువ మన అమ్మకూ, చెల్లికీ, భార్యకూ ఇవ్వవద్దా?

కొన్ని వ్యాధులు నొప్పి లేకుండా వస్తాయి. రక్తపోటు, మధుమేహం ఇలాంటివే. గర్భాశయ ముఖద్వార క్యాన్సరు, రొమ్ము క్యాన్సరు కూడా మొదట్లో బాధ పెట్టవు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అంచనా ప్రకారం 2022లో మన దేశంలో 1,27,000 మందికి పైగా స్త్రీలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సరు కొత్తగా సోకింది. దాదాపు 80,000 మంది దానితో చనిపోయారు. రొమ్ము క్యాన్సరు బారిన పడినవారు 1,92,000 మంది. ఇక 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూస్తే, 30–49 ఏళ్ల స్త్రీలలో గర్భాశయ ముఖద్వార పరీక్ష ఒక్కసారైనా చేయించుకున్నవారు దేశం మొత్తం మీద నూటికి ఇద్దరు కూడా లేరు. అదే సర్వేలో మన ఆంధ్రప్రదేశ్ స్త్రీలలో నూటికి 58 మందికి పైగా రక్తహీనతతో ఉన్నారని తేలింది. ఈ లెక్కల్లో మన ఇళ్లు లేవని ఎవరనగలరు?

కొందరు ‘సిగ్గు విశ్వాసంలో భాగం కదా, ఇలాంటి పరీక్షలకు ఎలా వెళ్లేది?’ అంటారు. సిగ్గు ఈమాన్‌లో భాగమే, సందేహం లేదు. కాని ఆ సిగ్గును మనకన్నా బాగా ఎరిగిన సహాబీ స్త్రీలు ఏం చేశారో చూడండి. ఫాతిమా బిన్తె అబీ హుబైష్ (రజి) తనకు రక్తస్రావం ఆగడం లేదని స్వయంగా మహాప్రవక్త (స) దగ్గరకు వచ్చి చెప్పుకున్నారు. ఆయన విసుక్కోలేదు, ముఖం తిప్పుకోలేదు. అది బహిష్టు కాదని, ఒక నరం నుంచి వచ్చే రక్తమని వివరించి, నమాజు ఎలా కొనసాగించాలో నేర్పారు. అన్సారీ స్త్రీలకు ధర్మం తెలుసుకోవడంలో సిగ్గు అడ్డు రాలేదని హజ్రత్ ఆయిషా (రజి) వారిని మెచ్చుకున్నారు.

ఇందులో మనం గమనించవలసిన గొప్ప మేలు ఒకటుంది. నమాజు, ఉపవాసాల కోసం ముస్లిం స్త్రీ తన హైజ్ రోజులను లెక్కపెట్టుకుంటుంది. ఏది బహిష్టు, ఏది ఇస్తిహాజా అని తేడా చూసుకుంటుంది. డాక్టరు మొట్టమొదట అడిగే ప్రశ్న కూడా అదే. రెండు బహిష్టుల నడుమ రక్తం కనబడినా, దాంపత్యం తర్వాత కనబడినా, ముట్లు ఆగిపోయిన తర్వాత మళ్లీ కనబడినా, దుర్వాసనతో తెల్లబట్ట అవుతున్నా ఆలస్యం చేయకూడదు. నమాజు విధి ఏమిటో ఆలిమ్‌ను అడిగినట్లే, దాని కారణం ఏమిటో డాక్టరును అడగాలి. మొదటి ప్రశ్న అడిగి రెండోది వదిలేస్తే సగం పనే చేసినట్లు.

మరికొందరు ‘రాసిపెట్టి ఉంటే ఎలాగూ వస్తుంది’ అంటారు. హజ్రత్ ఉమర్ (రజి) సిరియా వైపు ప్రయాణిస్తుండగా అక్కడ ప్లేగు ఉందని తెలిసి వెనుదిరిగారు. అల్లాహ్ విధి నుంచి పారిపోతున్నారా అని హజ్రత్ అబూ ఉబైదా (రజి) అడిగారు. అల్లాహ్ విధి నుంచి అల్లాహ్ విధి వైపుకే వెళ్తున్నామని ఆయన జవాబిచ్చారు. వ్యాధి తఖ్దీర్ అయితే దాన్ని ముందుగా పట్టే పరీక్ష కూడా తఖ్దీరే. మందు లేని వ్యాధిని అల్లాహ్ దించలేదని మహాప్రవక్త (స) మనకు తెలిపారు కూడా.

ఇంతకీ ఆ పరీక్షలు ఏమిటి? కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకాల ప్రకారం 30 ఏళ్లు నిండినవారు ఏడాదికి ఒకసారి రక్తపోటు, చక్కెర చూపించుకోవాలి. నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం ఐదేళ్లకు ఒకసారి పరీక్ష చేయించుకోవాలి. వక్కాకు, పొగాకు నమిలే అలవాటున్న పెద్దమ్మలు నోటి పరీక్ష అసలు మరువకూడదు. ముఖద్వార పరీక్షలో అక్కడ పలుచని అసిటిక్ ఆమ్లం రాసి ఒక నిమిషం ఆగి చూస్తారు. తెల్లని మచ్చ కనబడితే పెద్ద ఆసుపత్రికి పంపుతారు. కోత ఉండదు, కొన్ని నిమిషాల్లో అయిపోతుంది.

ఇంత చిన్న పరీక్షకు ఫలితం ఉంటుందా? ముంబయిలోని టాటా మెమోరియల్ ఆసుపత్రివారు 1998 నుంచి పేదల బస్తీలలో దాదాపు లక్షన్నర మంది స్త్రీలతో అధ్యయనం చేశారు. పరీక్ష చేసినవారు డాక్టర్లు కారు, శిక్షణ పొందిన స్థానిక స్త్రీలు. అయినా ఆ పరీక్షలు జరిగిన బస్తీలలో గర్భాశయ ముఖద్వార క్యాన్సరు మరణాలు 31 శాతం తగ్గాయి. చేతితో రొమ్ము పరీక్ష చేయడం వల్ల 50 ఏళ్లు దాటినవారిలో ఆ క్యాన్సరు మరణాలు దాదాపు 30 శాతం తగ్గినట్లు 2021లో వెల్లడించారు.

ఇక్కడ ఒక అపోహ తొలగించాలి. ఈ క్యాన్సరుకు మూలం ఒక వైరస్. అది లోకంలో అతి సామాన్యం. చాలామందిలో దానంతట అదే పోతుంది. కొద్దిమందిలో నిలిచిపోయి, క్యాన్సరుగా మారడానికి సాధారణంగా 15 నుంచి 20 ఏళ్లు పడుతుంది. కనుక పరీక్షకు వెళ్లమన్నంత మాత్రాన ఎవరి శీలాన్నీ శంకించినట్లు కాదు. ఫలితం చూసి భార్యను గాని, భర్తను గాని అనుమానించడం అన్యాయం, పాపం కూడా. పైగా ఆ దీర్ఘకాలం అల్లాహ్ మనకిచ్చిన గడువు. దాన్ని వృథా చేసుకోవద్దు.

పర్దా సంగతి ఏమిటంటారా? వీలైనంతవరకు లేడీ డాక్టరు దగ్గరకో నర్సు దగ్గరకో వెళ్లాలి. వారు దొరకనప్పుడు, అవసరమైనంత మేరకే, మరో స్త్రీ సమక్షంలో పురుష డాక్టరుకు చూపించుకోవడానికి ధర్మవేత్తలు అనుమతి ఇచ్చారు. మీ వీధి ఆశా కార్యకర్తనో ఏఎన్‌ఎంనో ముందే అడిగితే స్త్రీ సిబ్బంది ఏ రోజున ఉంటారో చెబుతారు. నలుగురు ఆడపడుచులు కలిసి వెళ్తే బిడియం సగం తగ్గుతుంది. రమజాన్‌లో సందేహం వస్తుందనుకుంటే షాబాన్‌లోనే చేయించుకోండి.

ఇప్పుడు సోదరులకు ఒక మాట. మీలో ప్రతి ఒక్కరూ కాపరే, తన మంద గురించి జవాబుదారే. ఇంటివారి పట్ల ఉత్తమంగా మెలిగేవాడే ఉత్తముడని మహాప్రవక్త (స) బోధించారు. భార్య ‘ఆసుపత్రికి వెళ్లివస్తాను’ అంటే ‘ఏమైందని?’ అని విసుక్కోకండి. ఆ పూట వంట మీరు చూసుకోండి, కండెలు చుట్టే పని ఆపించండి, ఆటో మాట్లాడండి. ఒక పూట కూలి పోతుందని వెనకాడితే, రేపు పెద్ద వ్యాధికి మగ్గమే అమ్ముకోవలసి రావచ్చు. మస్జిదు కమిటీలు, ఇజ్తిమాలు నిర్వహించే సోదరీమణులు ఈ విషయం ఒక్కసారైనా ప్రస్తావిస్తే ఎన్నో ఇళ్లలో దీపాలు నిలుస్తాయి.

జకాత్ లెక్క ఏడాదికి ఒకసారి చూసుకుంటాం. అదే రోజున ‘ఈ ఏడు ఇంట్లో ఆడవాళ్ల పరీక్షలు అయ్యాయా?’ అని కూడా చూసుకుందాం. సంపద లెక్కతో పాటు అమానతు లెక్క కూడా తేలుతుంది.

అల్లాహ్ మన తల్లులకూ, అక్కచెల్లెళ్లకూ, కూతుళ్లకూ ఆరోగ్యం ప్రసాదించుగాక! వ్యాధితో ఉన్నవారికి స్వస్థత అనుగ్రహించుగాక! తన అమానతును కాపాడుకునే బుద్ధిని మనందరికీ ఇచ్చుగాక! ఆమీన్.