మాటకు లెక్క

కత్తి పట్టని చేతికి రక్తాపరాధము అంటునా? ఫ్రాన్సు దేశములో ఒకనాడు ఈ ప్రశ్న న్యాయస్థానము ఎదుటికి వచ్చెను.

రొబేర్ బ్రాజియాక్ పేరుపొందిన రచయిత, పత్రికా సంపాదకుడు. 1940లో జర్మను సేనలు ఫ్రాన్సును ఆక్రమించినప్పుడు ఖైదీగా పట్టుబడి, 1941లో విడుదలయ్యెను. పారిసుకు వచ్చి, తన వారపత్రికలో ఆక్రమించినవారి పక్షమున వ్రాయసాగెను. 1942లో యూదులను దేశమునుండి పంపివేయుచుండగా, పసిపిల్లలను సహితము ఉంచవద్దని వ్రాసెను. ఆ యేడే వేలకొలది యూదు పిల్లలు రైళ్లలో ఆష్విట్జ్ మరణ శిబిరమునకు కొనిపోబడిరి.

అతడు రైలు నడపలేదు, తుపాకి పేల్చలేదు. అయినను చదివినవారి హృదయములో జాలిని చంపెను. జాలి చచ్చినచోట తక్కిన పని సులభమే గదా!

1945 జనవరిలో అతనికి మరణశిక్ష విధింపబడెను. అతనిచేత దూషింపబడిన ఫ్రాంస్వా మోరియాక్ అను క్రైస్తవ రచయితయే అతని ప్రాణము కాపాడుమని ద గోల్‌ను వేడుకొనెను. ద గోల్ అంగీకరింపలేదు. ఫిబ్రవరి 6న బ్రాజియాక్ కాల్చి చంపబడెను. అప్పటికి అతని వయస్సు 35 ఏండ్లు.

నేరస్థునికై క్షమాభిక్ష వేడుట వేరు, నేరము చిన్నదనుట వేరు. మొదటిది ప్రేమ, రెండవది అబద్ధము.

పత్రిక నడపువారు మనలో కొద్దిమందే. నాలుక లేనివారెవరు? ఒక ఇంటిని గూర్చి, ఒక కులమును గూర్చి రచ్చబండ యొద్ద మనము పలుకు మాట విన్నవానిలో జాలిని పెంచునా, చంపునా? పలుకకమునుపే ఈ ప్రశ్న వేసికొందము.