ఆయమ్మకు సెలవు

తిరువూరు ప్రాంతమున తల్లిదండ్రులిరువురును కొలువులకు పోవు ఇండ్లలో పసివానిని పెంచునది ఆయమ్మయే. నెమలి వేణుగోపాలస్వామి సన్నిధికి పోవునపుడును వాడు ఆమె చంకలోనే యుండును. అట్టి యామెతో మనసు విరిగినచో పంపివేయుట తప్పు కాదు. పంపు తీరునందే ధర్మమున్నది.

శ్రీమద్రామాయణమున మంథర కైకేయి పుట్టినింటి దాసి. ఆమె బోధ అయోధ్యను శోకమున ముంచినది. శత్రుఘ్నుడు ఆమెను నేలపై ఈడ్చగా నగలు తెగి చెల్లాచెదరైనవి. భరతుడు వారించెను. ఆమె నిర్దోషి యని అతడనలేదు. స్త్రీని చంపరాదనియు, చంపినట్లు తెలిసినచో రాముడు తమతో మాటాడడనియు చెప్పెను.

మంథర దోషము నిశ్చితము. ఇండ్లలో చాలసారులు అంతటి దోషమే యుండదు. ఆలస్యముగ వచ్చినది, ఎదురు చెప్పినది, లేదా బిడ్డ తల్లికంటె ఆమెకే చేరికయైనాడు! ఈ కడపటిది పైకి చెప్పజాలక, గాజు పోయినదని నింద మోపువారున్నారు. ఆ నింద ఆమెకు మరియొక గడప తొక్కనీయదు.

బిడ్డకు హాని చేసినదానిని ఆనాడే పంపవలెను. తక్కినవారికి కారణము చాటున చెప్పి, వేరు పని చూచుకొన గడువీయవలెను. పనిచేసిన నాళ్ల జీతము ఇరువురకును ఋణమే. కోపమునకు దానిపై అధికారము లేదు.

వెళ్లునాడు బిడ్డను ఒక్కసారి ఆయమ్మ చేతికీయవలెను. వాడు ఏడ్చును, ఏడువనిండు.